ట్రాక్టరుకు కొత్త క్లచ్ ప్లేటు ఎన్నుకొనుట

కాలువకు నీరు వదలినారు. నారుమడిలో నారు నాటుటకు సిద్ధముగా నున్నది. రేపు నాట్లకు రమ్మని కూలీలకు కబురు పంపినారు. మీ ట్రాక్టరు దమ్ములో దిగినది. ఇంజను గట్టిగా మ్రోగుచున్నది గాని బండి ముందుకు కదలుట లేదు. కాలిన వాసన వచ్చుచున్నది. "క్లచ్ ప్లేటు పోయినది" అని డ్రైవరు చెప్పును. వెంటనే పట్టణమునకు మనిషిని పంపి, దుకాణదారు ఇచ్చిన ప్లేటు తెప్పించి, మెకానిక్కుచేత బిగింపించి, మరునాటికి మరల దమ్ములో దింపుదురు.

ఇట్లు తొందరలో వేసిన ప్లేటు పెక్కుసార్లు ఆ సంవత్సరము దాటకుండగనే మరల పోవును. అప్పుడు దుకాణదారుని నిందింతుము, మెకానిక్కును నిందింతుము. కాని కారణము వేరొకచోట ఉండును. మొదటి ప్లేటు ఎందువలన చెడినదో ఎవరును చూడలేదు. దానిని చెరచిన కారణము ట్రాక్టరులోనే నిలిచియుండి రెండవ ప్లేటును కూడ చెరచినది. కావున పాత ప్లేటును చేతిలోనికి తీసికొని చూచిన తరువాతనే కొత్త ప్లేటును ఎన్నుకొనవలెను. ఆ చూచుట ఎట్లో, ఎన్నుకొనుట ఎట్లో ఈ వ్యాసములో తెలిసికొందము.

క్లచ్ చేయు పని

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగుచుండును. దాని ముఖమునకు ఆనుకొని క్లచ్ ప్లేటు ఉండును. ప్లేటు వెనుక గట్టి స్ప్రింగులు గల ప్రెషరు ప్లేటు దానిని ఫ్లైవీలునకు అదిమి పట్టుకొనును. క్లచ్ ప్లేటు నడుమనున్న పళ్ల రంధ్రములో గేరు బాక్సు షాఫ్టు దూరియుండును. పెడలు త్రొక్కినప్పుడు రిలీజు బేరింగు ముందుకు జరిగి ప్రెషరు ప్లేటు వ్రేళ్లను నొక్కును. పట్టు వదలును, ఇంజను తిరుగుచున్నను గేరు బాక్సు నిలిచిపోవును.

ఇంజను బలమంతయు ఈ రాపిడి పట్టు మీదుగానే చక్రములకు చేరవలెను. ఆ బలమెంతయో చిన్న లెక్కతో తెలియును. ఇంజను అశ్వశక్తిని 716తో హెచ్చవేసి, నిమిషమునకు అది తిరుగు చుట్లతో భాగించవలెను. 45 అశ్వశక్తి గల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నప్పుడు లెక్క 16 వచ్చును. అనగా ఒక మీటరు పొడవు కడ్డీ చివర 16 కిలోల బరువు వ్రేలాడదీసినప్పుడు కలుగు త్రిప్పుబలము. బరువు పడి ఇంజను వేగము తగ్గునప్పుడు ఈ బలము ఇంకను పెరుగును. దానిని జారకుండ పట్టుకొనుటకు ప్లేటు యొక్క వ్యాసము, స్ప్రింగుల బలము, రాపిడి పదార్థము యొక్క పట్టు ఈ మూడును సరిగా కుదరవలెను. ఒకటి తగ్గినను ప్లేటు జారును.

జారిన ప్రతి నిమిషమును వేడిగా మారును. క్లచ్ జారుట వలన 10 అశ్వశక్తుల బలము వృథాయైనచో, అది 7 కిలోవాట్లకు పైబడిన వేడి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఏడింటిని ఒక్కసారి ఆ ఇరుకు చోట వెలిగించినంత వేడి యన్నమాట. అది బయటికి పోవుటకు మార్గము తక్కువ. కొద్ది నిమిషములలో ప్లేటు మాడును, ఫ్లైవీలు ముఖము నీలి మచ్చలు పడును, స్ప్రింగులు బలము కోల్పోవును.

చెరువులలో, కాలువలలో మట్టి త్రవ్వు జేసీబీ యంత్రములు మట్టిగుట్టకు తొట్టి ఆనించి అట్లే త్రోయుచుండుట మీరు చూచియుందురు. వాటికి ఏమియు కాదు గదా యని కొందరు డ్రైవర్లు ట్రాక్టరును కూడ సగము క్లచ్ మీద త్రోయించుచుందురు. ఇది పొరపాటు. ఆ యంత్రములలో ఇంజనుకు గేరు బాక్సుకు నడుమ టార్కు కన్వర్టరు అను నూనెతో నిండిన పరికరము ఉండును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగరు 1905లో ఇట్టి పరికరమునకు పేటెంటు పొందెను. అందు జారునది నూనె. వేడెక్కిన నూనె కూలరునకు పోయి చల్లబడి తిరిగి వచ్చును. ట్రాక్టరు క్లచ్‌లో జారునది ప్లేటే. చల్లబరచు నూనె అందు లేదు. సామాన్యముగా మన ఊళ్లలో తిరుగు ట్రాక్టర్లన్నియు ఇట్టి పొడి క్లచ్ గలవే.

ముందుగా పెడలు చూడుడు

ట్రాక్టరును విప్పక ముందు పెడలును చేతితో నొక్కి చూడవలెను. మొదట కొంత మేర తేలికగా దిగి, తరువాత గట్టి తగులును. ఆ తేలిక మేరను ఫ్రీ ప్లే అందురు. పెక్కు ట్రాక్టర్లలో ఇది 20 నుండి 30 మిల్లీమీటర్లు ఉండవలెను. మీ ట్రాక్టరు లెక్క మీ పుస్తకములో ఉండును. ప్లేటు అరుగుకొలది ఈ మేర తగ్గిపోవును. ఏ మాత్రము లేకున్నచో రిలీజు బేరింగు ఎల్లప్పుడు వ్రేళ్లను ఒత్తుచునే యుండును. పట్టు సడలి ప్లేటు జారును. ఇట్టి సందర్భములో రాడ్డు నట్టు త్రిప్పి సరిచేసినచో ప్లేటు మార్చకయే పని జరుగవచ్చును. ఫ్రీ ప్లే ఎక్కువైనచో పట్టు పూర్తిగా వదలక గేర్లు గరగరమనును.

ఫ్రీ ప్లే సరిచేసిన పిమ్మట ఒక పరీక్ష చేయుడు. ముందు వెనుకల మనుష్యులు లేని సమమైన నేల మీద రెండు బ్రేకులు గట్టిగా పట్టి, పై గేరు వేసి, ఇంజనును కొద్దిగా మాత్రమే రేజు చేసి, క్లచ్ నెమ్మదిగా వదలవలెను. ఇంజను ఆగిపోయినచో పట్టు బాగున్నది. ఆగక తిరుగుచునే యున్నచో ప్లేటు జారుచున్నది. వెంటనే పెడలు త్రొక్కుడు. ఈ పరీక్షను మాటిమాటికి చేయరాదు.

పాత ప్లేటు చెప్పు సాక్ష్యము

ట్రాక్టరు విడదీయునప్పుడు మీరు దగ్గర నుండవలెను. పాత ప్లేటును పారవేయనీయక వెలుతురులో పెట్టి చూడుడు.

రెండు ముఖములు సమముగా అరిగి రివెట్ల తలల వరకు వచ్చినచో అది వయస్సు చేత పోయినది. అదే రకము ప్లేటు మరల వేయవచ్చును.

ముఖము నల్లబడి అద్దమువలె మెరయుచు కాలిన వాసన వచ్చినచో, జారి మాడినది. ఫ్రీ ప్లే లేకపోవుట, స్ప్రింగులు బలహీనమగుట, బరువు ఎక్కువగుట, డ్రైవరు సగము క్లచ్ మీద నడుపుట – ఇందులో ఏదో ఒకటి కారణము. దానిని తొలగింపక ప్లేటు మార్చినందువలన ప్రయోజనము లేదు.

నూనె తడి కనబడినచో ప్లేటు తప్పేమియు లేదు; ఆయిలు సీలు చెడినది. నూనె పలుచగా నల్లగా నున్నచో ఇంజను వైపు సీలు, చిక్కగా ఘాటు వాసనతో నున్నచో గేరు బాక్సు వైపు సీలు అని సామాన్యముగా గ్రహింపవచ్చును. సీలు ముందు, ప్లేటు తరువాత. నూనె త్రాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మరల వేయుట వ్యర్థము. క్లచ్ ఇంటి అడుగున చాల ట్రాక్టర్లకు ఒక చిన్న రంధ్రము ఉండును. దాని నుండి నూనె చుక్కలు పడుట మొదలైననాడే సీలు మార్చినచో ప్లేటు దక్కియుండును.

ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ అరిగినచో ఫ్లైవీలు ముఖము గాని, ప్రెషరు ప్లేటు గాని వంకర తిరిగియున్నది. లేదా మూడు వ్రేళ్లు ఒకే ఎత్తులో లేవు.

నడుమ పళ్లు అరిగినను, చుట్టునున్న చిన్న స్ప్రింగులు విరిగినను, అవి దెబ్బల వలన కలిగిన నష్టము. పెడలు ఒక్కసారిగా వదలి బండిని ఉరికించుట ఇందుకు ముఖ్యకారణము. గేరు బాక్సు షాఫ్టు పళ్లు కూడ అరిగియున్నవేమో అప్పుడే చూడవలెను. అరిగిన షాఫ్టు మీద కొత్త ప్లేటు సాఫీగా జరుగదు.

కొత్తది కొనునప్పుడు చూడవలసిన కొలతలు

"నలుబదియైదు గుర్రాల ట్రాక్టరుకు ప్లేటు" అని అడిగిన చాలదు. ఒకే కంపెనీ, ఒకే అశ్వశక్తి గల ట్రాక్టర్లలో సైతము సంవత్సరమును బట్టి, మోడలును బట్టి క్లచ్ మారును. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, తయారైన సంవత్సరము ఒక కాగితము మీద వ్రాసికొని, పాత ప్లేటును వెంట తీసికొని దుకాణమునకు పోవలెను. విడిభాగముల పుస్తకములో పార్టు నంబరు చూపించమని అడుగవలెను. పాత ప్లేటును కొత్త ప్లేటును ప్రక్కప్రక్కన పెట్టి ఈ క్రిందివి పోల్చి చూడుడు.

మొదటిది వ్యాసము. మన ట్రాక్టర్లలో 280 మిల్లీమీటర్లు అనగా 11 అంగుళములు, 305 మిల్లీమీటర్లు అనగా 12 అంగుళములు గల ప్లేట్లు ఎక్కువగా కలవు. చిన్నది పెద్దదాని స్థానములో వేసినచో బలము చాలదు. పెద్దది చిన్నదాని స్థానములో పట్టదు.

రెండవది నడుమ పళ్లు. వాటి సంఖ్య, వెడల్పు, రంధ్రము వ్యాసము మూడును సరిపోవలెను. సంఖ్య సరిపోయినంత మాత్రమున చాలదు. కొత్త ప్లేటును షాఫ్టు మీద చేతితో జరిపి చూడవలెను. బిగియక, వదులుగా ఊగక, సాఫీగా జరుగవలెను.

మూడవది మందము. మందము తేడా వచ్చినచో వ్రేళ్ల ఎత్తు మారి, పెడలు సర్దుబాటు కుదరదు.

నాల్గవది సింగిల్ క్లచ్చా, డబుల్ క్లచ్చా అనునది. డబుల్ క్లచ్‌లో రెండు ప్లేట్లు ఉండును. ఒకటి చక్రములకు, రెండవది రోటవేటరు వంటి పనిముట్లను త్రిప్పు పి.టి.ఓ.కు. పెడలు సగము త్రొక్కినచో బండి నిలుచును. పూర్తిగా త్రొక్కినచో పి.టి.ఓ. కూడ నిలుచును. పెద్ద ప్లేటు మార్చునప్పుడు రెండవ ప్లేటును కూడ తప్పక చూడవలెను. సింగిల్ క్లచ్ ట్రాక్టరులో డబుల్ క్లచ్ ప్లేటు వేయించినచో పి.టి.ఓ. వేరుగా తిరుగునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. అందుకు లోపలి షాఫ్టులు కూడ వేరుగా ఉండవలెను.

రాపిడి పదార్థము ఏది మేలు?

దుకాణములో రెండు రకములు చూపుదురు. నారలు, జిగురు కలిపి చేసిన ఆర్గానిక్ పలక చుట్టును అంటియున్నది ఒకటి. లోహపుపొడి, సిరామిక్ కలిపి చేసిన ముక్కలు బిగించిన సెరామెటాలిక్ ప్లేటు రెండవది.

ఆర్గానిక్ ప్లేటు మెత్తగా పట్టుకొనును; బండి కుదుపు లేక కదలును; ఫ్లైవీలు ముఖమును తక్కువగా అరగదీయును. కాని అధికమైన వేడికి మాడును. సెరామెటాలిక్ ప్లేటు వేడికి బాగుగా ఓర్చుకొనును. లోడరు పనికి, బరువైన ట్రాలీలకు అది మంచిదని చెప్పుదురు. అయితే అది ఒక్కసారిగా గట్టిగా పట్టుకొనును. ఆ దెబ్బ గేర్లకు, షాఫ్టులకు తగులును. ఫ్లైవీలు, ప్రెషరు ప్లేటు ముఖములు త్వరగా అరుగును.

కావున మీ ట్రాక్టరు తయారీదారు ఏ రకము బిగించి పంపెనో ఆ రకమునే వేయుట క్షేమము. ఆ మోడలుకు రెండు రకములు అనుమతించియున్నచో మీ పనిని బట్టి ఎన్నుకొనుడు. దుక్కి, దమ్ము, గొర్రు పనులు ముఖ్యమైనచో ఆర్గానిక్ చాలును. ప్లేటు మాటిమాటికి మాడుచున్నదని గట్టి రకమునకు మారుట వైద్యము కాదు. జ్వరమునకు కారణము తెలిసికొనక దుప్పటి మార్చినట్లగును.

తోడుగా మార్చవలసినవి

క్లచ్ ప్లేటు వద్దకు పోవలెనన్నచో ట్రాక్టరును రెండు భాగములుగా విడదీయవలెను. ఒక చిన్న సీలు కొరకైనను, పూర్తి క్లచ్ కొరకైనను ఆ కూలి ఒక్కటే. కావున ఒకసారి విడదీసినప్పుడు రిలీజు బేరింగు, ఫ్లైవీలు నడుమ నుండు చిన్న బేరింగు, రెండు వైపుల ఆయిలు సీళ్లు పరీక్షించి, అనుమానమున్నచో మార్చవలెను. బేరింగును చేతితో త్రిప్పినప్పుడు గరుకుగా తగిలినచో దాని పని అయిపోయినదనుకొనుడు. ప్రెషరు ప్లేటు ముఖము మీద నీలి మచ్చలు, చీలికలు ఉన్నచో దానిని కూడ మార్చవలెను. ఫ్లైవీలు ముఖము గాట్లు పడినచో లేతు మీద తయారీదారు చెప్పిన మేరకు మాత్రమే చదును చేయింపవలెను. చీలికలున్న ఫ్లైవీలును వాడరాదు. అది వేగములో పగిలినచో ప్రాణాపాయము.

పాత ప్లేటుకు కొత్త పలకలు రివెట్లు కొట్టి తక్కువ ధరకు అమ్ముటయు కలదు. నడుమ పళ్లు, స్ప్రింగులు బాగున్న ప్లేటుకు మంచి పనివాడు చేసినచో అది కొంతకాలము పనిచేయును. కాని రంగు వేసి కొత్తదని అమ్మినచో అది మోసము. పెట్టె మీద పార్టు నంబరు, తయారీ నెల, ధర ముద్రించియున్నవా, ప్లేటు మీద తయారీదారు గుర్తు స్పష్టముగా నున్నదా చూచి, తప్పక బిల్లు తీసికొనుడు. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి ట్రాక్టరు క్లచ్ భాగములపై జి.ఎస్.టి. 18 శాతము నుండి 5 శాతమునకు తగ్గింపబడినది. ఆ తగ్గింపు మీకు అందినదో లేదో బిల్లు చూచిన తెలియును. బిల్లు లేనిచో చెడిన సరకును తిరిగి ఇచ్చుటకు ఆధారము ఉండదు.

బిగించునప్పుడు

విడదీసిన ట్రాక్టరు ప్రమాదకరమైనది. ముందు ఇరుసు నడుమ ఒక్క పిన్ను మీద ఊగుచుండును గనుక, వెనుక భాగము వేరైన వెంటనే ఇంజను ప్రక్కకు ఒరగును. ఇరుసుకు పైభాగమునకు నడుమ రెండు ప్రక్కల కర్ర చీలలు బిగింపక విడదీయరాదు. రెండు భాగముల క్రింద గట్టి స్టాండ్లు పెట్టవలెను. ఇటుకలు, రాళ్లు, ఒంటి జాకీ నమ్మదగినవి కావు. సుమారు రెండు టన్నుల బరువు మనిషి మీద పడినచో రక్షించుటకు వేళ ఉండదు. మెత్తని నేల మీద, చేను గట్టున ఈ పని చేయింపరాదు.

లోపలి ధూళిని గాలి గొట్టముతో ఊదరాదు. పాత కాలపు ప్లేట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పూడ్చివేయవలెను. ప్లేటు మీద ఫ్లైవీలు వైపు అని గుర్తున్న ముఖమును అటే ఉంచవలెను. ప్లేటు సరిగా నడుమకు వచ్చుటకు తగిన షాఫ్టు దూర్చి, బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగింపవలెను. డబుల్ క్లచ్ వ్రేళ్ల ఎత్తును కంటితో కాక గేజీతో కొలిచి సరిచేయవలెను. ముఖము మీద గ్రీసు వ్రేళ్లు పెట్టరాదు. కొత్త ప్లేటు కుదురుకొను వరకు కొన్ని గంటలు తేలిక పని చేయించి, పిమ్మట ఫ్రీ ప్లే మరల చూడవలెను.

డ్రైవరు పాదము

ఎంత మంచి ప్లేటునైనను డ్రైవరు పాదము రక్షింపవలెను, లేదా చెరపవలెను. నడుపునప్పుడు పాదము పెడలు మీద ఆనించియుంచరాదు. గట్టు ఎక్కునప్పుడు సగము క్లచ్ మీద బండిని నిలుపక బ్రేకు వాడవలెను. దమ్ములో ఇనుప చక్రములు దిగబడినచో క్లచ్ కొట్టి కొట్టి లాగుటకు బదులు, పనిముట్టు ఎత్తి, క్రింది గేరు వేసి బయటికి తీయవలెను. దమ్ము పని అయిన తరువాత క్లచ్ ఇంటి అడుగు రంధ్రము మట్టితో మూసుకొనలేదని చూడవలెను. నెలల తరబడి ట్రాక్టరు నిలుపునప్పుడు పెడలు త్రొక్కి చీల పెట్టియుంచినచో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలునకు అంటుకొనదు.

గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు అద్దె యంత్ర కేంద్రముల ట్రాక్టర్లకు ఒక పుస్తకము పెట్టించుట మంచిది. ప్లేటు మార్చిన తేదీ, గంటల మీటరు లెక్క, పాత ప్లేటు స్థితి, వేసిన పార్టు నంబరు అందులో వ్రాయింపవలెను. రెండవసారి ప్లేటు పోయినప్పుడు ఆ పుస్తకమే సాక్షి. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకు, యువకులకు, అధికారులకు ట్రాక్టరు నడుపుట, సంరక్షణ నేర్పుచున్నది. ఊరికి ఒక యువకుడైనను అట్టి శిక్షణ పొందినచో మేలు.

అన్నిటికంటె ముఖ్యము, ఈ పనికి వేసవి తగిన కాలము. రబీ కోత ముగిసి ట్రాక్టరు నీడన నిలిచియున్నప్పుడు ఫ్రీ ప్లే కొలిచి, అడుగు రంధ్రము వద్ద నూనె చూచి, పట్టు పరీక్షించుడు. అనుమానమున్నచో అప్పుడే విప్పించుడు. అప్పుడు మెకానిక్కుకు తీరిక ఉండును. మీకు బేరము చేయుటకు వ్యవధి ఉండును. సరియైన ప్లేటు దొరకనిచో పది రోజులు వేచియుండుటకు వీలుండును. కాలువకు నీరు వచ్చిన తరువాత ఏది దొరికిన అదే వేయవలసివచ్చును. నారు ముదిరినచో మీ కొరకు ఆగదు.